చదివి సమ్మతించినది

అరటి చెట్లు తిన్న మేక ఎవరిదో పదకొండో రోజుకు గానీ తేలలేదు. అప్పటికి రెండు తలలు పగిలాయి, ముక్తియార్ సైకిల్ షాపు తగలబడింది, పుంగనూరు బజారు పోలీసుల బూట్లతో నిండిపోయింది.

ఎనభై అయిదులో వినాయక చవితి, పీర్ల పండగ వారం రోజుల తేడాలో వచ్చాయి. బజారులో చవితి పందిరికి కట్టిన అరటి చెట్లను ఒక మేక నమిలేసింది. మేక అంటే సాయిబులదే అయి ఉంటుందని పందిరి దగ్గర ఉన్నవాళ్ళు తీర్మానించి దాన్ని కర్రతో కొట్టారు. కొట్టినవాణ్ణి ఇంకొకడు కొట్టాడు. మేక పారిపోయింది, మనుషులు నిలబడిపోయారు. పదకొండో రోజున చెంగయ్య పెళ్ళాం పోలీసుల దగ్గరికి పోయి, "మా మేక కనపల్లేదు సామీ, ఎడమ చెవికి కోత ఉండాది, యాడన్నా సూస్తిరా?" అని అడిగింది. పందిరి వేయించినవాడూ, అందరికంటే గట్టిగా అరిచినవాడూ ఆ చెంగయ్యే.

మేక సంగతి తెలిశాక కూడా ఎవరి కోపమూ తగ్గలేదు. అప్పటికి కోపం మేకను దాటి చాలా దూరం పోయింది.

మా కళాయి సందు బజారుకు అరమైలు దూరం. పదకొండు ఇళ్ళు. ఆరు మావి, అయిదు సాయిబులవి. బజారులో కొట్టుకున్న రెండు వర్గాలూ ఎవరి వీధుల్లో వాళ్ళు విడివిడిగా ఉండేవాళ్ళు, ఒకరి వాకిలి ఒకరు తొక్కనివాళ్ళు. కలిసి ఉన్న మా సందులో మాత్రం ఆ రోజు ఏమీ జరగలేదు. మేము మంచివాళ్ళమని కాదు. కోళ్ళ కోసం పోట్లాట, మురికినీళ్ళ కోసం పోట్లాట, దండెం మీది గుడ్డల కోసం పోట్లాట. రోజూ పోట్లాడుకునేవాళ్ళకు ఏడాదికొకసారి కొట్టుకోవలసిన అవసరం పడదేమో.

మా పక్కిల్లు చాంద్ బీది. ఆమె భర్త సిరాజుద్దీన్ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. సందు చివర ఉన్న పీర్ల చావిడికి ముజావరు కూడా అతనే. పండగప్పుడు పీర్లను దించి, కడిగి, పట్టుగుడ్డలు కట్టేది అతని చేతులే. అయితే చావిడి ముందు నిప్పుల గుండం తవ్వేటప్పుడు మొదటి గడ్డపార పోటు మా ఇంటిది. మా ఆయన నారాయణప్ప తాత కాలం నుంచీ అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు. మా ఇంటి మనిషి పొడవనిదే రెండో పోటు ఎవరూ పొడిచేవాళ్ళు కాదు.

రెండిళ్ళ పెరళ్ళకూ మధ్య గోడలో ఒక దిడ్డి తలుపు. బజారులో నూటనలభైనాలుగు సెక్షన్ పెట్టి, నలుగురు ఒకచోట నిలబడితే లాఠీ అన్న రోజుల్లో, నేనూ చాంద్ బీ ఆ దిడ్డి గడప మీద చెరో వైపు కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆమె ఇంట్లో కిరసనాయిలు ఉంది, మా ఇంట్లో రాగిపిండి ఉంది. ఒకే పొయ్యి మీద రెండిళ్ళ సంగటీ గెలికాం.

"పోలీసోళ్ళు వస్తే యేం సెప్దాం అక్కా? నలుగురు కాదు, ఇద్దరమే అని సెప్దామా?" అనేది.

"ఇద్దరం కాదు. నీ నోరు ఇద్దరి లెక్క" అనేదాన్ని.

నాకు చిన్నప్పటి నుంచీ ఎవరైనా గడప దాటితే భయం. మా అక్కను కోలారుకు ఇచ్చి పంపిన రోజు, బండెక్కి, "వచ్చే ఆదివారం వస్తా" అని చెప్పింది. ఆ ఆదివారం రాలేదు, ఏ ఆదివారమూ రాలేదు. ఆమె కాన్పులో పోయిందని మాకు మూడు నెలలకు తెలిసింది. అప్పటి నుంచీ ఎవరు ఊరికి పోతున్నా వాళ్ళ చెప్పుల శబ్దం వినపడేదాకా వాకిట్లో నిలబడతాను, ఆ తరువాత కూడా నిలబడతాను. మా ఆయన సంతకు పోయినా అంతే. "తిరిగొస్తాలేమే, సచ్చేదానికి పోతాండానా" అని కసురుకునేవాడు.

ఇరవై రోజులకు మదనపల్లి నుంచి ఒక పెద్ద ఆఫీసరు జీపులో వచ్చాడు. శాశ్వత శాంతి కోసం ఒక సంఘం వేయాలన్నాడు. బట్టల కొట్టు గంగాధరం అధ్యక్షుడు. మావాళ్ళ తరఫున చెంగయ్య, ఎందుకంటే మేక అతనిది. సాయిబుల తరఫున ముక్తియార్, ఎందుకంటే తగలబడిన షాపు అతనిది. మా సందు నుంచి ఎవరినీ తీసుకోలేదు. అక్కడ ఏ గొడవా జరగలేదు కాబట్టి అక్కడివాళ్ళకు శాంతి గురించి ఏమి తెలుస్తుంది?

జీపు ఎక్కబోతూ ఆఫీసరు ఆగాడట. "ఒక మహిళ కూడా ఉండాలండీ. అన్ని వర్గాలూ ఉండాలని పై నుంచి రాశారు. చదువు వచ్చినావిడ అయితే మంచిది" అన్నాడట.

గంగాధరం ఆలోచించి, "నారాయణప్ప పెండ్లాం మునిలక్ష్మమ్మ పేపరు సదువుతాది" అన్నాడు.

నిజమే. నేను బడికి పోలేదు. ముప్పై ఏళ్ళప్పుడు చింతపండు పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. కాగితం చినిగినచోట కథ ఆగిపోతే, ఆ కథలో పిల్ల బతికిందో లేదో అని రెండు మూడు రోజులు అన్నం సహించేది కాదు. యాభై ఎనిమిదేళ్ళకు ఊళ్ళో నాకొక పేరు వచ్చింది. సందులో ఎవరికి ఏ పెళ్ళిపత్రిక వచ్చినా, గోడ మీద ఏ నోటీసు అంటించినా నన్ను పిలిచేవాళ్ళు. నేను కళ్ళద్దాలు తుడుచుకోవడానికి కొంచెం ఎక్కువసేపే తీసుకునేదాన్ని.

సంఘంలో నా పేరు ఉందని తెలిశాక చాంద్ బీ దిడ్డి తలుపు తోసుకుని వచ్చింది.

"అక్కా, ఒగ మాట ఇనపడతాండాది. సందులో సాయిబుల్ని ఆ పక్కకి తోసేస్తారంట గదా?"

"యెవురు సెప్పింది?"

"గాలికి నోరుండాది గదా. ఆయప్ప యేమో పీర్లు మోసుకోని యాడికి పోదామని అన్నం తినకుండా కూర్చోనుండాడు. నాకు ఈ ఇల్లు దప్ప ఇంకేం తెల్దు. నా బిడ్డను పూడ్సింది ఈ ఊర్లోనే. నేను పోను."

"నువ్వు పోవద్దు. నేనుండాను గదా ఆడ. నా సంతకం లేకుండా యేమీ కాదంట."

"సదివి పెట్టు అక్కా. బాగా సదివి పెట్టు."

"నాకు సెప్తాండావా సదివేది?" అన్నాను. ఆమె నవ్వింది. ధైర్యం వచ్చిన మనిషి నవ్వు. ఆ నవ్వు చూసి నాకు నా మీద గౌరవం కలిగింది.

సంఘం మూడుసార్లు బళ్ళో కూడింది. మగవాళ్ళకు కుర్చీలు, నాకు గుమ్మం పక్కన ఒక స్టూలు. మొదటిసారి ఎవరు క్షమాపణ చెప్పాలన్న దాని మీద చెంగయ్యా, ముక్తియార్ అరుచుకున్నారు. రెండోసారి ఇద్దరూ కలిసి పోలీసులను తిట్టారు, అప్పుడు కాస్త స్నేహం కుదిరింది. నేను నోరు తెరిచినప్పుడల్లా గంగాధరం, "సెప్తువులే మా, ముందు అందరికీ టీలు వచ్చినాయా సూడు" అనేవాడు. టీలు వచ్చాయో లేదో చూసేదాన్ని.

మూడోసారి ఆఫీసరు వచ్చాడు. ఒప్పంద పత్రం రాసినది పాత కరణం సుబ్రహ్మణ్యం. ఏడాదిన్నర కిందట కరణీకాలు రద్దయ్యాక ఆయనకు రాయడానికి ఊళ్ళో ఏమీ మిగల్లేదు. కొత్త పాళీ, నల్ల సిరా, నాలుగు పుటలు. ఆ రోజు ఆయన మొహంలో పెళ్ళికొడుకు కళ ఉంది.

గంగాధరం చదవకుండా సంతకం పెట్టాడు, రాయించింది అతనే కాబట్టి. ముక్తియార్ చదవకుండా పెట్టాడు, అతని షాపుకు కొత్త చోటు చూపిస్తామన్నారు కాబట్టి. చెంగయ్య వేలిముద్ర వేశాడు. పత్రం నా దగ్గరికి వచ్చింది.

నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. అక్షరాలు లేవు. అది కరణాల గొలుసుకట్టు రాత. మాటకూ మాటకూ ఎడం లేదు, పాళీ ఎత్తకుండా మొదటి నుంచి చివరికి ఒకే తీగ. ఎక్కడ మొదలో, ఎక్కడ ఆగాలో తెలియదు. చీమల బారు ఒకటి పుట అంతా తిరిగి కింద నాకు చోటు వదిలి ఆగినట్టుంది. నాకు వచ్చినవి అచ్చు అక్షరాలు, విడివిడిగా నిలబడేవి. ఆ సంగతి అప్పటిదాకా నాకే సరిగ్గా తెలియదు. నాకు ఎవరూ ఎప్పుడూ ఉత్తరం రాయలేదు, సందులోవాళ్ళు తెచ్చేవన్నీ అచ్చు కాగితాలే.

అందరూ నన్నే చూస్తున్నారు. సుబ్రహ్మణ్యం కనిపెట్టాడో, మర్యాదకే అన్నాడో, "సదివి వినిపిచ్చేదా అమ్మా?" అన్నాడు.

అడిగిన తీరులో తప్పేమీ లేదు. కానీ చెంగయ్య వెనక నుంచి, "పేపరు సదివే ఆయమ్మకి నువ్వు సదివి వినిపిస్తావా సామీ!" అని నవ్వాడు. ముక్తియార్ కూడా నవ్వాడు. గొడవలయ్యాక వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి.

"అక్కర్లే" అన్నాను.

కళ్ళను ఎడమ నుంచి కుడికి నడిపించాను. వరస చివర కాస్త ఆగాను. మధ్యలో ఒకసారి తల ఊపాను. పుట తిప్పాను. మూడో పుటలో ఒకచోట కనుబొమలు ముడిచాను, ఎందుకు ముడిచానో నాకే తెలియదు. నాలుగో పుట చివర సంతకం పెట్టాను. నా సంతకం మాత్రం అక్షరం అక్షరం విడివిడిగా, పలక మీద రాసినట్టు ఉంది.

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. "చూశారా, అందరిలోకీ పూర్తిగా చదివి సంతకం చేసింది ఈ అమ్మగారు ఒక్కరే" అన్నాడు.

అది నిజమని ఆయన మనసారా నమ్మాడు.

నాలుగో రోజు పొద్దున సిరాజుద్దీన్ దిడ్డి దగ్గరికి వచ్చి, తలుపు తట్టి నిలబడ్డాడు. పాతికేళ్ళలో అతను ఆ తలుపు తట్టడం నేను వినలేదు. చాంద్ బీ వెనక ఉంది. గంగాధరం మనిషి వచ్చి చెప్పి పోయాడట. సందులోని అయిదు సాయిబుల ఇళ్ళవాళ్ళు ఖాజీ వీధికి పోవాలి, ఖాజీ వీధిలోని నాలుగు హిందువుల ఇళ్ళవాళ్ళు ఇటు రావాలి. ఇళ్ళ మార్పిడి. పీర్లను కూడా అక్కడికే తీసుకుపోవాలి.

"అయిదిళ్ళు పోయి నాలుగిళ్ళు వస్తే, అయిదో ఇల్లు యాడుంది వదినా?" అని సిరాజుద్దీన్ అడిగాడు. "ఆ అయిదోది మాదంట."



"నువ్వు సంతకం పెట్టినావంటనే అక్కా?" అంది చాంద్ బీ.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. నాకు ఆ రాత చదవడం రాదు, సిగ్గుపడి పెట్టాను అని. ఆ ఒక్క మాటకు నోరు రాలేదు. పాతికేళ్ళు సందంతటికీ చదివి పెట్టినదాన్ని. వచ్చిన మాట ఏమిటంటే, "అందరూ సల్లంగా ఉండాలని గదా."

చాంద్ బీ నన్ను చూసింది. కోపం కాదు. బజారులో పరాయి మనిషి కాలు తొక్కితే చూస్తామే, అట్లా. దిడ్డి మూసి, అవతల నుంచి గొళ్ళెం పెట్టింది.

ఆ రోజు మా ఆయన అన్నం కలుపుతూ, "యేమే, ఆ కాయితంలో ఇదుండాదని తెలిసే పెట్టినావా?" అన్నాడు.

ఏడుపు వచ్చింది. ఆయనకు చెప్పాను. ఆయన కంచం పక్కకు జరిపి, "రేపు మదనపల్లికి పో. నేను రాను. నేనొస్తే నేను మాట్లాడతాను, నువ్వు సెప్పవు" అన్నాడు.

పొద్దున బస్సుకు ఒంటరిగా పోయాను. ఆఫీసు వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక ఆఫీసరు లేచి నిలబడి మరీ నమస్కారం పెట్టాడు.

"రండి అమ్మా. మీ గురించే పైకి రాశాను."

"అయ్యా, నా సంతకం వెనక్కి తీసుకుంటాను."

"ఎందుకు? పూర్తిగా చదివే చేశారు కదా?"

"సదవలే. నాకు ఆ రాత రాదు. అచ్చు అక్షరాలే వస్తాయి."

చెప్పేశాను. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. మూల బల్ల దగ్గర టైపు కొడుతున్న మంగమ్మ అనే అమ్మాయి మాత్రం చేతులు ఆపింది.

ఆఫీసరు మొహం నా మీద జాలితో నిండింది. ఆ తరువాత తన మీద జాలితో నిండింది. "అమ్మా, ఈ మాట నాతో అన్నారు, సరే. ఇంకెక్కడా అనవద్దు. మీకు చదువు రాదంటే మీ సభ్యత్వం చెల్లదు. మహిళ లేకపోతే సంఘం చెల్లదు. సంఘం చెల్లకపోతే శాంతి చెల్లదు. నివేదిక పైకి పోయింది" అన్నాడు.

"మరి నా పక్కింటి మనిషి పోతాది గదయ్యా."

ఆయన మూల బల్ల వైపు తిరిగాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు. "ఒక పని చేద్దాం. మంగమ్మగారూ, పుంగనూరు ఒప్పందం మన మిషను మీద తెలుగులో కొట్టి ఇవ్వండి. ఈవిడ శుభ్రంగా చదువుకుంటారు" అన్నాడు.

మంగమ్మకు గొలుసుకట్టు వచ్చు. వాళ్ళ తాత కరణమట. గంటన్నర కొట్టింది. ఒకటో పుట, రెండో పుట. ఒక్కో అక్షరం కాగితం మీద వేరువేరుగా నిలబడింది. నేను చదివాను. ఈసారి నిజంగా చదివాను.

మొదటి అంశం, రెండు వర్గాలవారు సోదరభావముతో మెలగవలెను. రెండవది, ఎవరి పండుగలు వారే, ఇతరుల జోక్యము లేకుండ జరుపుకొనవలెను. మూడవది, సోదరభావము నిలుచుటకై ఇరు వర్గములవారు వేరువేరు వీధులలో నివసింపవలెను. నాలుగవది, కళాయి సందులోని అయిదవ కుటుంబము విషయము తరువాత ఆలోచింపబడును. చివరి పుటలో నా పేరు ఉంది. మహిళా సభ్యురాలు శ్రీమతి మునిలక్ష్మమ్మ గారు ఆమూలాగ్రము చదివి, సమ్మతించి, సంతోషము వెలిబుచ్చినారు.

అది నేను బళ్ళోకి అడుగు పెట్టకముందే రాసి ఉంచిన మాట.

"చదివారా?" అన్నాడు ఆఫీసరు.

"సదివినాను."

"అర్థమైందా?"

"బాగా అర్థమైంది."

"అయితే ఇక్కడ మళ్ళీ ఒక సంతకం పెట్టండి. ఇక ఎవరూ వేలెత్తి చూపరు."

"పెట్టను. నాకు సమ్మతం లేదు. గొడవపడినోళ్ళు యాడోళ్ళు ఆడ్నే ఉండారు. గొడవపడనోళ్ళను ఇండ్లు ఖాళీ చేయమంటాండారు. ఇదేం న్యాయం అయ్యా?"

ఆయన ఆ మాటను కాగితం మీద రాసుకున్నాడు. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. "చాలా మంచి అభిప్రాయం" అన్నాడు. "నమోదు చేస్తాను. కానీ అమ్మా, ముగ్గురు ఒప్పుకున్నారు. మీరు ఒక్కరే కాదంటున్నారు. ఎక్కువమంది మాటే చెల్లుతుంది. పైగా మీ మొదటి సంతకం ఉండనే ఉంది."

చదవకుండా పెట్టిన సంతకానికి ఒక సందును ఖాళీ చేయించే బలం ఉంది. చదివి పెట్టని సంతకానికి నమోదయ్యే గౌరవం ఉంది. వరండా దాకా మంగమ్మ నాతో వచ్చి, టైపు కొట్టిన ప్రతి ఒకటి మడిచి నా చేతిలో పెట్టింది. "ఉంచుకోండమ్మా. చదవడానికి బాగుంటుంది" అంది. ఆ పిల్ల వెటకారంగా అనలేదు.

మదనపల్లి నుంచి వచ్చాక దిడ్డి తలుపు తట్టాను. చాంద్ బీ తీసింది. లోపల గిన్నెలు గోనెసంచుల్లోకి ఎక్కుతున్నాయి. కుప్పంలో ఆమె తమ్ముడు ఉన్నాడు, అక్కడికి పోతున్నారు. గడప ఇవతలే నిలబడి చెప్పాను. రాత చదవడం రాకపోయినా వచ్చినట్టు నటించానని, కళ్ళు తిప్పానని, తల కూడా ఊపానని, కొట్టేయమని మదనపల్లికి పోయినా కుదరలేదని.

ఆమె నవ్వుతుందేమో, లేకపోతే నన్ను పట్టుకుని ఏడుస్తుందేమో అనుకున్నాను. రెండూ చేయలేదు.

"సదివి వినిపిస్తానని ఆయప్ప అడిగినాడా?"

"అడిగినాడు."

"అడిగితే ఊ అనేదానికి నీ నోరు అరిగిపోతాండిందా?"

"సిగ్గయింది చాందూ."

"నీ సిగ్గుకి నా ఇల్లు పాయె" అని గిన్నెల దగ్గరికి పోయింది.

వాళ్ళ సామాను లారీలో పోయింది, వాళ్ళు బస్సులో పోయారు. నేను వాకిట్లో నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. "వచ్చే ఆదివారం" అని కూడా అనలేదు. ఒకరకంగా అదే మేలనుకున్నాను. ఆదివారాల కోసం చూడక్కర్లేదు.

మరుసటి ఏడు పీర్లు ఖాజీ వీధి కొత్త చావిడిలో కూర్చున్నాయి. గుండం తవ్వే రోజు ముక్తియార్ మా ఇంటికి వచ్చి, గడపలో నిలబడి తల గోక్కున్నాడు.

"నారాయణప్పా, రొవ్వంత వచ్చి ఒగ పోటు పొడిసి పోరాదా? ఎవురూ ముట్టుకోవటం లేదు."

"ఎవురి పండగ వాళ్ళే అని సంతకం పెట్టినావు గదప్పా."

"పెట్టినాను. నేనేమన్నా సదివితినా? పోనీ, నిన్ను కూలికి పిలిసినట్టు రాసుకుంటాం. కూలోడు వస్తే ఒప్పందం తప్పినట్టు కాదని గంగాధరం సెప్పినాడు."

"మా తాత కూలికి పొడవలే" అని మా ఆయన లోపలికి పోయాడు.

ఆ ఏడు గుండం తవ్వలేదు. నిప్పు లేదు, జనం రాలేదు, తోపులాట లేదు. పండగ ప్రశాంతంగా జరిగిందని నివేదిక పోయింది. సంఘానికి ఒక ప్రశంసాపత్రం కూడా వచ్చింది. అది అచ్చులో ఉంది. నేను చదివి అందరికీ వినిపించాను, అడిగారు కాబట్టి. మా సందులోకి వచ్చిన నాలుగు కుటుంబాలు తలుపులు వేసుకుని ఉంటాయి. కోళ్ళ కోసం కూడా ఎవరూ పోట్లాడుకోరు.

ఎనభై ఏడు వేసవిలో నేను కుప్పం పోయాను. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా. దారి పొడవునా, తలుపు తీయకపోతే ఏం చేయాలి, తిరుగు బస్సు ఎన్నింటికి, చీకటి పడితే ఎక్కడ ఉండాలి, ఇవే ఆలోచనలు. స్టేషను వెనక సందులో కళాయి వాసన పట్టి ఇల్లు కనుక్కున్నాను.

చాంద్ బీ తలుపు తీసింది. చిక్కిపోయింది. "వచ్చినావా" అంది. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. పోయి చాప పరిచింది. మంచినీళ్ళు ఇచ్చింది. "ఆ కాయితం కొట్టేసినారా?"

"లేదు. ఉండాది."

"ఇంగ నేనేం రావాల ఆడికి." అంతే. పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. రమ్మని అడగడానికే నేను అంత దూరం పోయానని ఆమెకు తెలుసు. అడగకముందే జవాబు చెప్పేసింది.

ఇంతలో అయిదారుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఒకరు కన్నడం, ఒకరు అరవం, తెలుగు అందరిదీ. ముందున్న సిద్ధమ్మ చేతిలో ఒక కాగితం. ఎగువ వీధికీ వీళ్ళకూ మధ్య కొళాయి గొడవట. బిందెలతో కొట్టుకుని ఒకామెకు పన్ను ఊడిందట. ఎగువ వీధి పెద్దమనుషులు రాజీ కాగితం రాయించి, ఆడవాళ్ళందరూ గుర్తు పెట్టాలని పంపారట.

"చాంద్ బీ, మీ పుంగనూరు అక్క వచ్చిందంట గదా? నువ్వు సెప్తాంటివే, గోడ మీదుండేది గూడా ఇడిసిపెట్టకుండా సదువుతాదని. ఆయమ్మతో సదివిద్దామని వచ్చినాం."

చాంద్ బీ నా గురించి ఇక్కడ ఏమి చెప్పుకుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఇల్లు పోయాక కూడా చెప్పుకుంది.

సిద్ధమ్మ కాగితం నా చేతిలో పెట్టింది. మళ్ళీ అదే తీగ, మళ్ళీ అదే చీమల బారు. ఆ కాలం రాతగాళ్ళందరిదీ ఒకే చెయ్యి. అందరూ నన్నే చూస్తున్నారు. చాంద్ బీ చూడటం లేదు. పొయ్యిలో పుల్ల సర్దుతోంది. సర్దిన పుల్లనే మళ్ళీ సర్దుతోంది.

"నాకు ఈ రాత రాదమ్మా" అన్నాను. "నాకు అచ్చు అక్షరాలే వస్తాయి. ఇది రాకుండానే వచ్చినట్టు సూసి ఒకతూరి సంతకం పెడితిని. ఇంగ పెట్టను."

ఎవరూ నవ్వలేదు. "దానికేముండాది మా" అంది సిద్ధమ్మ. "రాసినాయన్నే పిల్సుకొద్దాం. ఆయనకొచ్చు గదా ఆయన రాత."

రాసిన ముసలాయనను ఇద్దరు పోయి పిలుచుకొచ్చారు. ఆయన అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఎగువ వీధివారు వారమునకు నాలుగు దినములు, దిగువ వీధివారు మూడు దినములు.

"ఆగు సామీ. మాకు మూడని ఎవురు సెప్పింది?" అంది సిద్ధమ్మ.

"వారానికి ఏడు దినాలే గదమ్మా."

"ఏడో దినం పొద్దున వాళ్ళు, సాయంత్రం మేము. రాయి."

ఆయన రాశాడు. పన్ను ఊడినామె ఎగువ వీధి మనిషని అప్పుడు తెలిసింది. ఆమెను కూడా పిలవాలని ఒకరు, ఎందుకు పిలవాలని ఇంకొకరు. పిలిచారు. ఆమె వచ్చి, తన పన్ను సంగతి కాగితంలో లేదని పోట్లాడింది. మొదటి నుంచీ మళ్ళీ చదవమన్నారు.

"రెండుతూర్లు సదివినాను తల్లీ" అన్నాడు ముసలాయన.

"ఇంగొకతూరి సదవండి సామీ" అంది చాంద్ బీ, పొయ్యి దగ్గర నుంచి లేచి వస్తూ. "మా యక్క ఒగతూరి ఇనకుండా సంతకం పెట్టి, దాన్ని కొట్టేపిచ్చేదానికి మదనపల్లి దాకా తిరిగింది. మాకంత ఓపిక లేదు."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నన్ను చూసే నవ్వారు. చాంద్ బీ వచ్చి చాప మీద, నా పక్కన, మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

నాలుగు గంటల బస్సు పోయింది. కాగితం రెండో అంశం దాటలేదు. పన్ను సంగతి ఎక్కడ రాయాలో తేలలేదు. ఈ ఒప్పందానికి ఎవరూ ప్రశంసాపత్రం పంపరు. చాంద్ బీ నన్ను అడగకుండానే ఇంకొక గుప్పెడు బియ్యం కడిగి వేసింది.

మరునాడు పొద్దున బస్సు దగ్గరికి ఆమె రాలేదు. ఆ రోజు పొద్దున నీళ్ళు దిగువ వీధివి, ఆమె వంతు ముందే ఉంది. "నువ్వు పో అక్కా, లైను పోతే మళ్ళా ఎగువ వీధోళ్ళతో గొడవ" అని బిందె ఎత్తుకుని పోయింది. ఒకరింటికి పోయి, ఎవరూ సాగనంపకుండా బస్సెక్కడం నాకు అదే మొదటిసారి. భయం వేయలేదని చెప్పను. వి.కోట దాకా మూడుసార్లు వెనక్కి చూశాను.